చమురు మట్టికి ఏది మేలు: సీసాలో బ్యాక్టీరియానా, బస్తాలో యూరియానా?

ప్రాజెక్టుల సీజన్ రాగానే హనుమకొండలో మా మైక్రోబయాలజీ పిల్లలు ఏటా అడిగేది ఒకటే: "సార్, తీరానికి చమురు కొట్టుకొస్తే బ్యాక్టీరియాను బయటి నుంచి తెచ్చి చల్లడం మేలా, అక్కడున్నవాటికే ఎరువేయడం మేలా?" వరంగల్‌కు సముద్రం లేదు గానీ, ములుగు రోడ్డు మెకానిక్ షెడ్ల ముందు నల్లబడ్డ మట్టికి కొదవ లేదు. నా ఓటు ఎరువుకే.

సీసా సరుకుకు మోజెక్కువ. ఆనంద మోహన్ చక్రవర్తి తయారుచేసిన, చమురు తినే సూడోమొనాస్ బ్యాక్టీరియాకు పేటెంట్ ఇవ్వొచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చిన సంగతి పరీక్షలో అందరూ రాస్తారు. ల్యాబ్‌లో గారాబంగా పెరిగిన బ్యాక్టీరియా బయటి మట్టిలో పోటీకి నిలవలేక ప్రోటోజోవా అనే ఏకకణ జీవులకు మేతయ్యే సంగతి ఎవరూ రాయరు.

అసలు తినేవాళ్లకు కొరతెక్కడ? ఆల్కనివోరాక్స్ అనే సముద్రపు బ్యాక్టీరియా చమురు పడని సముద్రపు నీళ్లలో వెతికినా దొరకనంత తక్కువ. 2010లో మెక్సికో గల్ఫ్‌లో చమురు బావి పేలాక పెన్సకోలా బీచ్ ఇసుకలో అదే విరగబెరిగింది, మిగతా రకాలు పలచబడ్డాయి. దాన్ని ఎవరూ తెచ్చి చల్లలేదు.

కొరతల్లా నత్రజనికి, భాస్వరానికి. చమురంటే దాదాపు అంతా కార్బన్, హైడ్రోజన్; బ్యాక్టీరియా పెరగడానికి కావాల్సిన ఆ రెండూ అందులో అంతంతే. వరి కొయ్యలు కలియదున్ని వెంటనే నాటేస్తే పైరు పసుపెక్కడం మన రైతులకు తెలిసిందే: కొయ్యల్ని కుళ్లబెట్టే జీవులు మట్టిలోని నత్రజనిని ముందే లాగేసుకుంటాయి. మా నాన్న అందుకే దుక్కిలోనే కాస్త యూరియా చల్లేవాడు. తీరంలోనూ ఇదే కథ. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి దాదాపు 4 కోట్ల లీటర్ల చమురు కారినప్పుడు గులకరాళ్ల మీద చల్లింది ఎరువే. 1994లో అమెరికాలోని డెలావేర్ తీరంలో పక్కపక్కనే పెట్టి చూస్తే ఎరువు కొంత వేగం పెంచింది, దాంతోపాటు బ్యాక్టీరియా కలిపితే అదనంగా ఒరిగిందేమీ లేదు.

డిస్పర్సెంట్ల గురించీ అడుగుతారు. అవి చమురును తుంపరలుగా విడగొట్టే రసాయనాలు, నడిసముద్రం సంగతి. మట్టికి అక్కర్లేదు.

పోయిన వానాకాలం షెడ్డు మట్టి తెచ్చి మూడు తొట్లలో పోశాను. ఒకటి ఉత్తది, ఒకదాంట్లో సీసా మందు, ఒకదాంట్లో యూరియా, డీఏపీ. మొదటిసారి యూరియా గుప్పెడు వేస్తే అమ్మోనియా కంపుకు ఇంట్లోవాళ్లు తలుపులేసుకున్నారు. మళ్లీ మొదలుపెట్టి 100 పాళ్ల కార్బన్‌కు 10 నత్రజని, 1 భాస్వరం లెక్కన కలిపాను. నాలుగు రోజులకోసారి మూడింటినీ తిరగేశాను, గాలాడకపోతే ఏదీ పనిచేయదు. అలాస్కా గులకరాళ్ల అడుగున దశాబ్దాల తర్వాతా చమురు దొరకడానికి అదో కారణం. మూడు నెలలకు పెసలు చల్లితే ఉత్త తొట్లో ఉబ్బి అలాగే ఉండిపోయాయి, సీసా తొట్లో అక్కడక్కడా తలెత్తాయి, ఎరువు తొట్లో ఒత్తుగా వచ్చాయి.

క్లాసులో గర్వంగా ఫొటోలు చూపిస్తుంటే వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "సార్, తిరగేయకుండా ఉంచిన తొట్టి ఏది?"

ఈ ఆదివారం మళ్లీ షెడ్డుకెళ్లి మట్టి తెచ్చుకోవాలి.