వేట తూటాలకు మెడ ఒక్కటే నొక్కితే చాలదు: రెండు డైలు వాడి చూసిన అనుభవం

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక తూటాలను ఇంట్లో తిరిగి నింపుకోవడం అక్కడి తెలుగువారికి పెద్దగా తెలియని వ్యాపకం. టెక్సస్‌లో ఉంటూ, ఏటా నవంబరులో తెల్లతోక జింకల వేటకు వెళ్ళే నాకు మాత్రం అది వేసవి సాయంత్రాల పని. నా బోల్ట్ రైఫిల్‌కు (చేతితో పిడి తిప్పి తూటాను ఎక్కించే రకం) కావలసిన .308 వించెస్టర్ తూటాల కోసం మొదట లీ కంపెనీ కాలెట్ డైని (మెడను మాత్రమే నొక్కే అచ్చు), తరువాత కేసును నిలువునా నొక్కే మామూలు ఫుల్ లెంగ్త్ డైతో పాటు రెడ్డింగ్ వారి కాంపిటీషన్ షెల్ హోల్డర్లను (కేసు అడుగును పట్టి డైలోకి నెట్టే బిళ్ళలు) కొన్నాను. ఈ సమీక్ష ఆ రెండింటి గురించి.

తూటా పేలినప్పుడు మందునూ బుల్లెట్‌నూ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, అంటే కేసు, ఉబ్బి చాంబరు (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడలకు అదుముకుంటుంది. దాన్ని మళ్ళీ వాడాలంటే డైలో నొక్కి కొలతకు తేవాలి. కాలెట్ డై బుల్లెట్‌ను పట్టుకునే మెడను మాత్రమే, లోపల ఒక ఉక్కు కడ్డీని ఉంచి, బయటి నుండి దాని మీదికి అదుముతుంది. సాధారణ డై మెడను అవసరానికి మించి బిగించి, ఆపై ఒక గుండును దానిగుండా వెనక్కి లాగి వెడల్పు చేస్తుంది. ఆ లాగుడుకు మెడ వంకరపోయే అవకాశం ఉంది, కేసు కూడా కాస్త సాగుతుంది. కాలెట్ డైలో ఆ బెడద లేదు, నూనె రాయవలసిన పని అంతకన్నా లేదు. తిన్నగా ఉన్న మెడలను చేతికివ్వడంలో దానికి వంక పెట్టలేను.

చిక్కంతా మెడకు కింద ఉన్నది. భుజాన్నీ (మెడ కింద కేసు వెడల్పయ్యే ఏటవాలు భాగం) ఒంటినీ తాకకుండా వదిలేస్తే కేసు మొదటి రెండు మూడు సార్లు అదే రైఫిల్‌లో చక్కగా ఇమిడిపోతుంది గాని, పేలిన ప్రతిసారీ ఇత్తడి కొంత గట్టిపడి, కేసు కొంచెం కొంచెంగా పెరిగి, చివరకు చాంబరు నిండా బిగుసుకుంటుంది. కంచరివారు సుత్తి దెబ్బలకు బిరుసెక్కిన ఇత్తడిని మళ్ళీ కాల్చి మెత్తబరిచేది ఇటువంటి బిరుసును పోగొట్టడానికే. ఐదోసారి నింపిన తూటాతో ఒక తెల్లవారుజామున నా రైఫిల్ బోల్ట్ పిడి సగంలో ఆగిపోయింది. దాన్ని బలవంతంగా దించే చప్పుడుకు జింక అడవిలో కలిసిపోయింది. తప్పు డైది కాదు, వేటకు ఆ పద్ధతిని ఎంచుకున్న నాది. పైగా ఒక రైఫిల్‌లో పేలి మెడ మాత్రమే నొక్కిన కేసు, అదే కొలత గల ఇంకొక రైఫిల్‌లో పట్టకపోవచ్చు. సెమీ ఆటోమేటిక్, లివర్ యాక్షన్ (కింది మీటతో తూటాను ఎక్కించే) రైఫిళ్ళలో తూటాను బలంగా లోపలికి నెట్టే శక్తి తక్కువ కనుక వాటికి ఈ చర్చే అనవసరం. కేసును పూర్తిగా నొక్కవలసిందే.

అలాగని ఫుల్ లెంగ్త్ డైని గుడ్డిగా బిగించకూడదు. షెల్ హోల్డరును తాకిన తరువాత మరో పావు చుట్టు తిప్పమనే వాడుక సలహాను పాటిస్తే భుజం చాలాసార్లు అవసరానికి మించి కిందికి పోతుంది. అప్పుడు పేలిన ప్రతిసారీ కేసు ఆ మేరకు సాగి, అడుగు భాగానికి కాస్త పైన పలచబడి, ఒకనాడు అక్కడే తెగిపోతుంది. బయట మెరిసే గీత కనిపించినా, కొన వంచిన పేపర్ క్లిప్‌తో లోపల తడిమితే గాడి తగిలినా ఆ కేసును పారేయాలి.

రెడ్డింగ్ షెల్ హోల్డర్లు ఇక్కడే అక్కరకు వచ్చాయి. మామూలు వాటికన్నా 0.002 నుండి 0.010 అంగుళం వరకు, రెండేసి వేయవ వంతుల తేడాతో ఎత్తుగా ఉండే ఐదింటి సెట్ ఇది. డైని కదల్చకుండా, గట్టిగా ఆనించే నొక్కుతూ, హోల్డరును మార్చి భుజం ఎత్తును సరిచేసుకోవచ్చు; హోల్డరు ఎత్తైన కొద్దీ కేసు డైలోకి తక్కువగా పోతుంది. పాత ప్రైమరు (మందును రగిలించే అడుగు బిళ్ళ) తీసేసిన తరువాత కాలిపర్‌కు (సన్నని కొలతలు తీసే పరికరం) తగిలించే గేజ్‌తో పేలిన కేసును కొలిచి, భుజాన్ని దానికన్నా 0.002 అంగుళం మాత్రమే దించుతున్నాను. ఐదింటిలో నా పనికి వచ్చింది ఒక్కటే, మిగిలిన నాలుగూ పెట్టెలోనే ఉన్నాయి. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది నూనె వ్యవహారం: తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి, చివరకు ప్రతి కేసునూ తుడవాలి.

వంద గజాల దూరంలో ఈ రెండు రకాల తూటాల గురిలో నా రైఫిల్ నాకు తేడా చూపలేదు. అందువల్ల కాలెట్ డై ఇప్పుడు గురి సాధన రేంజిలో కాల్చే తూటాలకే పరిమితమైంది. వేటకు ఉద్దేశించిన కేసులన్నింటినీ పూర్తిగా నొక్కి, మందు, ప్రైమరు పెట్టకముందే ఒక్కొక్కటిగా రైఫిల్‌లో పెట్టి బోల్ట్ మూసి చూసుకుంటున్నాను.