రెండు చలికాలాలు నాతో పరిగెత్తిన జాకెట్

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో చేశారు. మే నెల వచ్చిందంటే పొద్దున తొమ్మిదింటికే తలుపులు వేసుకుని కూర్చునే ఊరు మాది. అక్కడ చలికాలమంటే ఫస్ట్ షిఫ్టుకు వెళ్లేటప్పుడు నాన్న చెవులకు మఫ్లర్ చుట్టుకోవడం, అంతే. అలాంటి ఊరి నుంచి షికాగోకి పడమరగా దాదాపు 30 మైళ్ల దూరంలో ఉన్న నేపర్‌విల్‌కి వచ్చాను. ఇక్కడ జనవరిలో పరిగెత్తాలంటే ఏం వేసుకోవాలో తెలుసుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది, ఒక జాకెట్ డబ్బులు దండగయ్యాయి. ఇప్పుడు వాడుతున్నది పటగోనియా అనే కంపెనీ వాళ్ల నానో-ఎయిర్ లైట్ హైబ్రిడ్ జాకెట్. రెండు చలికాలాలు పూర్తిగా వాడాకే దీని గురించి రాస్తున్నాను.

మొదట కొన్నది డౌన్ జాకెట్, అంటే లోపల బాతు నూగు నింపింది. థాంక్స్‌గివింగ్ సేల్‌లో సగం ధరకు వచ్చింది. షాపులో వేసుకుంటే బొంత కప్పుకున్నంత హాయిగా ఉంది. ఇంక చలికి భయం లేదనుకున్నాను. ఆ జనవరిలో ఒక శనివారం పొద్దున 18 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 8 సెల్సియస్‌లో బయల్దేరాను. మొదటి మైలు బ్రహ్మాండంగా గడిచింది. రెండో మైలుకు లోపల ఉక్కపోత మొదలైంది. మూడో మైలుకు వీపు మీద చెమట కారడం తెలుస్తోంది. జిప్ సగం దించాను. సరిగ్గా అప్పుడే రైల్వే గేటు పడింది.

ఇక్కడి గూడ్సు బండి ఒక పట్టాన అవదు. చిన్నప్పుడు భద్రాచలం రోడ్ స్టేషన్ దగ్గర నిలబడి బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్లం. ఆ అలవాటు కొద్దీ లెక్క మొదలుపెట్టాను. నలభై దాటేసరికి వీపు మీది చెమట చల్లబడింది. అరవై దగ్గర పళ్లు టకటకా కొట్టుకుంటుంటే లెక్క తప్పింది. గేటు లేచాక పరిగెత్తడానికి ఒళ్లు సహకరించలేదు. మైలున్నర దూరం వణుక్కుంటూ నడిచి వచ్చాను. వేళ్లు కొంకర్లు పోయి తాళం తిప్పలేకపోతే మా ఆయన వచ్చి తలుపు తీశారు.

ఆ జాకెట్ విప్పి కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. గళ్లుగళ్లుగా కుట్టిన జాకెట్ అది. వీపు మీద ప్రతి గడిలోనూ నూగంతా తడిసి ఒక మూలకు చేరి ఉండ కట్టింది. మిగతా గడి అంతా ఖాళీ, పల్చటి గుడ్డ రెండు పొరలు తప్ప మధ్యలో ఏమీ లేదు. వాటి గుండా కిటికీ చువ్వల నీడలు కనిపిస్తున్నాయి.

ఇందులో జాకెట్ చేసినవాళ్ల తప్పేమీ లేదు. డౌన్ అంటే బాతుల రొమ్ము దగ్గర పెద్ద ఈకల కింద ఉండే మెత్తటి నూగు. అది పొంగి తన మధ్య గాలిని పట్టి ఉంచుతుంది. మనకు వెచ్చదనమంతా ఆ గాలి వల్లే. తడిస్తే పొంగు పడిపోతుంది, దాంతో వెచ్చదనమూ పోతుంది. బస్సు కోసం నిలబడేవాళ్లకు, పిల్లల్ని పార్కులో ఆడించేవాళ్లకు డౌన్‌ని మించింది లేదు. ఇప్పటికీ ఆ పనులకు నేను అదే వేసుకుంటాను. పరుగులో మాత్రం తడి బయటి మంచు వల్ల కన్నా మన ఒంటి నుంచే ఎక్కువ వస్తుంది. పరిగెత్తే మనిషి ఒళ్లు పొయ్యి మీది కుండ లాంటిది. మూత బిగించేస్తే ఆవిరి ఎటు పోతుంది?

శనివారాలు మాతో పరిగెత్తే గుంటూరావిడ ఒకరున్నారు. నాకంటే పదేళ్లు పెద్ద, అక్కా అని పిలుస్తాను. ఇలినాయ్ ప్రెయిరీ పాత్ మీద, అంటే ఒకప్పటి ఎలక్ట్రిక్ రైలు పట్టాలు తీసేసిన చోట వేసిన బాట మీద, ఏ చలికాలమూ మానకుండా పరిగెత్తుతారు. నా కథంతా విని, "ఈసారి షాపుకెళ్తే ఒంటికి వేసుకునే ముందు నోటికి పెట్టుకుని ఊదమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. "జాకెట్ గుడ్డ లోపలి వైపు పెదాలకు ఆనించి గట్టిగా ఊదు. అవతల చెయ్యి పెట్టు. ఊపిరి చేతికి తగిలితే నీ చెమట ఆవిరి కూడా అలాగే బయటికి పోతుంది. తగల్లేదంటే అది నీకు కాదు, ఎంత సేల్‌లో ఉన్నా సరే."

ఆ వారాంతంలో మూడు షాపులు తిరిగి తొమ్మిది జాకెట్లు ఊది చూశాను. డౌన్‌వి నాలుగూ ఊపిరిని అక్కడికక్కడే ఆపేశాయి, బుగ్గలు నొప్పి పుట్టాయి. పాలిస్టర్ పోగులు నింపిన మామూలు జాకెట్లు మూడింటిలో ఏదో కాస్త తగిలీ తగలనట్టు తగిలింది. మిగతా రెండింటిలో మాత్రం ఊపిరి వెచ్చగా నేరుగా అరచేతికి వచ్చింది. అందులో ఒకటి పోలార్‌టెక్ ఆల్ఫా అనే సరుకుతో చేసింది, రెండోది ఈ నానో-ఎయిర్.

ఈ తేడా ఎందుకో ఇంటికొచ్చి చదువుకున్నాను. తడిసినా వెచ్చదనం నిలిచే పోగులు కొత్తేమీ కాదు. ప్రిమాలాఫ్ట్ అనే సింథటిక్ పోగుని 1980ల్లోనే అమెరికా సైన్యం కోసం డౌన్‌కి బదులుగా తయారుచేశారు. అయితే ఇలాంటి పోగులు విడిపోయి గుడ్డ సందుల్లోంచి బయటికి వచ్చేస్తాయి కాబట్టి పైగుడ్డను బాగా బిగువుగా నేయాల్సి వచ్చేది. ఆ బిగువే చెమట ఆవిరికీ అడ్డం పడేది. తర్వాత వచ్చిన ఆల్ఫాలో పోగులు తమ చోటు వదలకుండా అల్లి ఉంటాయి కాబట్టి పైగుడ్డ వదులుగా, గాలి ఆడేలా ఉన్నా ఫరవాలేదు. ఇది కూడా మొదట సైన్యం కోసమే. ప్రత్యేక దళాల వాళ్లు కొండెక్కేటప్పుడూ, పైన కదలకుండా కాపు కాసేటప్పుడూ అదే జాకెట్‌తో ఉండాలి, తీసి వేసుకునే వీలుండదు. పటగోనియా 2014లో ఫుల్‌రేంజ్ అనే ఇన్సులేషన్‌తో, అంటే వెచ్చదనం నిలిపే పొరతో, నానో-ఎయిర్ తెచ్చింది, దాని పద్ధతీ ఇదే. పరుగెత్తి, గేటు పడితే ఆగి, మళ్లీ పరుగెత్తే నాకు కావలసింది కూడా అదే.

నేను తీసుకున్న హైబ్రిడ్‌లో ఇన్సులేషన్ ఒళ్లంతా ఉండదు. ఛాతీకి, చేతులకు మాత్రం చదరపు మీటరుకు 40 గ్రాముల పల్చటి పొర ఉంటుంది. వీపుకు, చంకల కింద ఇన్సులేషన్ లేదు, ఊరికే అల్లిక గుడ్డ. షాపులో చేత్తో తడిమినప్పుడు వీపు దగ్గర ఇంత పల్చనా అని సందేహం వచ్చింది. పరిగెత్తాక అర్థమైంది. చల్లగాలి ఎదురుగా ఛాతీకి కొడుతుంది, చెమట వీపున పడుతుంది. ఎక్కడ ఏది కావాలో అక్కడ అదే పెట్టారు. గుడ్డ సాగుతుంది కాబట్టి చేతులు ఆడించినప్పుడు భుజాల దగ్గర పట్టేయదు, రెండో మైలుకు ఒంటి మీద జాకెట్ ఉన్న సంగతే మర్చిపోతాను.

దీన్ని వేసుకుంటే మొదటి పది నిమిషాలు చలేస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు ఇక్కడే కంగారుపడి ఇంకో స్వెటర్ తగిలిస్తారు. వద్దు, అలా చలేయడమే సరైన గుర్తు. బయట ఉన్న దానికన్నా పది, ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ ఉన్నట్టు లెక్కేసుకుని బట్టలు వేసుకోవాలని ఇక్కడి రన్నర్లు చెప్పే మాట అక్షరాలా నిజం. గుమ్మం దాటగానే వెచ్చగా ఉన్నారంటే మూడో మైలులో ఉడికిపోతారు.

నాకు కుదిరిన లెక్క ఇది. 35 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన ఈ జాకెట్ అక్కర్లేదు, మందపాటి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా సరిపోతుంది. 15 నుంచి 30 మధ్య దీనికి తిరుగులేదు, లోపల మెరీనో ఉన్ని బనియన్ ఒక్కటి చాలు. కాటన్ మాత్రం వేయకండి. అది చెమటను పీల్చి వదలదు, అంత ఖరీదు పెట్టి జాకెట్ కొన్నదంతా వృథా. గాలి బాగా ఉన్న రోజు, ముఖ్యంగా షికాగోలో సరస్సు పక్కన లేక్‌ఫ్రంట్ ట్రెయిల్ మీద పరిగెత్తాలంటే, దీని మీద పల్చటి విండ్‌బ్రేకర్ వేసుకోవాల్సిందే. ఆవిరిని బయటికి పంపే గుడ్డ గాలిని లోపలికీ పంపుతుంది మరి. మార్చిలో జరిగే షామ్‌రాక్ షఫుల్ అనే పరుగు పందెం కోసం అక్కడ ప్రాక్టీసు చేసిన రోజుల్లో విండ్‌బ్రేకర్‌ని మడిచి నడుముకు కట్టుకునేదాన్ని. గాలికి ఎదురు వెళ్లేటప్పుడు వేసుకుని, తిరిగి వచ్చేటప్పుడు తీసేసేదాన్ని.

సున్నా ఫారెన్‌హీట్‌కు దిగితే ఏ జాకెట్‌నీ నమ్ముకోను. సున్నా డిగ్రీలకు గంటకు 15 మైళ్ల గాలి తోడైతే ఇక్కడి వాతావరణ శాఖ పట్టికలో విండ్‌చిల్, అంటే గాలి వల్ల ఒంటికి తెలిసే చలి, మైనస్ 19 ఫారెన్‌హీట్ అవుతుంది. కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టి దెబ్బతినే (ఫ్రాస్ట్‌బైట్) చలి అది. ఆ రోజు జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కుతాను.

ఈ జాకెట్‌ని నమ్మింది మాత్రం పోయిన ఫిబ్రవరిలో. అదే గేటు, అదే శనివారం పరుగు, 20 డిగ్రీల ఫారెన్‌హీట్. గూడ్సు బండి చివరి వ్యాగన్ దాకా లెక్కపెట్టాను, 104. కాస్త చలేసింది, భుజాలు ఆడించుకుంటూ నిలబడ్డాను. గేటు లేవగానే మళ్లీ పరుగు అందుకున్నాను. ఇంటికొచ్చి వీపు మీద చెయ్యి పెట్టి చూసుకుంటే బనియన్ చెమ్మగా ఉంది కానీ పిండేలా లేదు. జాకెట్ బయటి వైపు, భుజాల మీద సన్నటి పొడిలా మంచు పేరుకుంది. నా చెమట ఆవిరి గుడ్డ దాటి బయటికి వచ్చి గడ్డకట్టిందన్నమాట. చేత్తో దులిపితే రాలిపోయింది.

కొనేముందు ఇంకో రెండు సంగతులు. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరలోపే పొద్దు గుంకుతుంది, కాబట్టి ఆఫీసు అయ్యాక పరిగెత్తేవాళ్లు ఏ జాకెట్ వేసుకున్నా పైన మెరిసే పట్టీల వెస్ట్ తగిలించుకోండి. ఉతికేటప్పుడు ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, అది పోగులకు పట్టుకుని గాలి ఆడనివ్వదు. ధర 200 డాలర్ల పైమాటే. వారానికి ఒకసారి రెండు మైళ్లు పరిగెత్తేవాళ్లకు అంత పెట్టడం అనవసరం. పల్చటి ఫ్లీసు మీద విండ్‌బ్రేకర్ వేసుకున్నా గడిచిపోతుంది. వారానికి మూడు నాలుగు రోజులు, ముప్పావు గంటకు మించి పరిగెత్తేవాళ్లయితే మాత్రం ఇలాంటిదే కొనండి. ఈ కంపెనీదే కానక్కర్లేదు, ఊది చూసి కొనండి చాలు.

మొన్న వీడియో కాల్‌లో నాన్నకు ఈ జాకెట్ చూపించాను. "ఇంత పల్చటిదా? అక్కడ మంచు పడుతుందంటివి కదమ్మా" అన్నారు. చెమట సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "గనిలో లోపల ఉక్కపోత. డిసెంబరులో షిఫ్టు దిగి పైకొచ్చేసరికి చలిగాలి కొట్టేది. మేం ఇంకే పని పెట్టుకోకుండా ముందు తడి చొక్కా మార్చేవాళ్లం" అన్నారు. ఇప్పుడు కారు వెనక సీట్లో ఒక పొడి టీషర్టు పెట్టుకుంటున్నాను. పరుగు అవగానే, అందరితో కలిసి కాఫీకి వెళ్లే ముందే, అది మార్చుకుంటున్నాను.