విదేశంలో ఇల్లు ఎవరి పేరున? భాగస్వామి పేరు, బినామీ, లీజు, సొంత ఫ్లాటు, అద్దె: ఏది మేలు?

జర్మనీకి చెందిన ఒకాయన తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఇంటిని అమ్మి, ఆ డబ్బుతో ఫిలిప్పీన్స్‌లోని ఆంటిపోలోలో స్థలం కొని, ఆ దేశ పౌరురాలైన తన భార్య పేరున రిజిస్టరు చేయించాడు. స్థలానికి 5,28,000 పెసోలు, ఇల్లు కట్టడానికి 23 లక్షల పెసోలు అయ్యాయి. తర్వాత కాపురం చెడి, ఆస్తి పంపకం కోర్టుకెక్కింది. స్థలం ఎలాగూ తనకు రాదని తెలుసు గనుక, పెట్టిన సొమ్మయినా ఇప్పించమని ఆయన కోరాడు. అదీ కుదరదని 2006లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. విదేశీయులు భూమి కొనరాదన్న 1987 నాటి రాజ్యాంగ నిబంధన తెలిసి కూడా భార్య పేరు అడ్డం పెట్టుకొని కొన్న మనిషి, మళ్లీ అదే న్యాయస్థానం ముందుకు వచ్చి ధర్మం పేరిట ఊరట అడగలేడన్నది ఆ తీర్పు సారం.

ఈ కథలో దొంగ అంటూ ఎవరూ లేకపోవడమే అసలు పాఠం. పెళ్లి నిజమైనదే, ఇల్లూ నిజమైనదే, అయినా దస్తావేజు మీది పేరు ఒకరిది, ఖర్చు మరొకరిది అయింది. పరాయి దేశంలో మనసిచ్చిన వారితో స్థిరపడాలనుకునే వారిలో చాలామంది ఎదుటి మనిషి మంచివాడా కాడా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. మనిషి మంచివాడే అయినా, ఆ దేశపు చట్టం మన పేరును గుర్తిస్తుందా లేదా అన్నది విడిగా అడగవలసిన ప్రశ్న. ఆ కోణం నుంచే ఐదు మార్గాలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

భాగస్వామి పేరున కొనడంలో సౌలభ్యం కాదనలేనిది. విదేశీయుడికి దొరకని భూమి దొరుకుతుంది, కాగితాలు త్వరగా అవుతాయి, బేరం కూడా స్థానికుల ధరకే కుదరవచ్చు. కానీ థాయ్‌లాండ్ వంటి చోట ఈ మార్గం ఏ షరతు మీద తెరుచుకుంటుందో గమనించాలి. థాయ్ పౌరురాలు విదేశీయుణ్ణి పెళ్లాడి భూమి కొంటున్నప్పుడు, ఆ డబ్బు పూర్తిగా ఆమె సొంతమనీ, అందులో భర్తకు ఎలాంటి వాటా లేదనీ దంపతులిద్దరూ భూమి కార్యాలయంలో రాతపూర్వకంగా ప్రకటించాలి. అంటే డబ్బిచ్చినవాడు తన వాటాను తన చేతి సంతకంతోనే వదులుకుంటాడు, రేపు తగువు వస్తే ఆ సంతకమే ఆయనకు ఎదురు సాక్ష్యమవుతుంది. అందువల్ల ఈ మార్గాన్ని కొనుగోలు అనడం కంటే బహుమతి అనడం సమంజసం. బహుమతి ఇవ్వడం తప్పేమీ కాదు. ఇస్తున్నది బహుమతి అని తెలిసి, తిరిగి రాకపోయినా ముసలితనంలో రోడ్డున పడనంత మేరకే ఇచ్చినవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంకా పెళ్లి కాని, పరిచయమై కొన్ని నెలలే అయిన వారి పేరున కొనడం మాత్రం నా దృష్టిలో ఈ ఐదింటిలోకీ అధమం, ఎందుకంటే భార్యాభర్తలకు ఉండే కొద్దిపాటి రక్షణ కూడా అక్కడ ఉండదు.

బినామీ మార్గాన్ని గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఇండోనేషియాలో 1960 నాటి భూమి చట్టం పూర్తి యాజమాన్య హక్కును ఆ దేశ పౌరులకే పరిమితం చేసి, దాన్ని విదేశీయుడికి నేరుగా గానీ దొడ్డిదారిన గానీ కట్టబెట్టే ఒప్పందం చెల్లదనీ, అలాంటి భూమి ప్రభుత్వపరమవుతుందనీ చెబుతుంది. థాయ్‌లాండ్‌లోనూ, విదేశీయుడి కోసం స్థానికుల పేర్లతో నడిపే ఉత్తుత్తి కంపెనీ ద్వారా భూమి కొనడం నేరమే, పేరు అరువిచ్చిన స్థానికుడికీ అందులో శిక్ష ఉంటుంది. ప్రేమించిన మనిషి చేత ఇలాంటి కాగితాల మీద సంతకం పెట్టించడమంటే ఆ మనిషిని కూడా చిక్కులోకి దించడమే. మోసపోయేది ఎప్పుడూ బయటి నుంచి వచ్చినవారే అనుకుంటాం గానీ, ఇక్కడ ఎక్కువ నష్టపోయేది స్థానికులు కావచ్చు.

ఈ బినామీతో మెక్సికోలోని బ్యాంకు ట్రస్టును కలిపి చూడకూడదు. అక్కడి 1917 రాజ్యాంగం సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు, సముద్రతీరానికి 50 కిలోమీటర్ల లోపు భూమిపై విదేశీయులకు నేరుగా యాజమాన్యం ఇవ్వదు. దానికి బదులు బ్యాంకు ట్రస్టీగా ఉండి, కొన్నవారు లబ్ధిదారుగా ఉండే ఏర్పాటును చట్టమే అనుమతిస్తుంది. దాన్ని ఫిదేయికోమీసో అంటారు. దాని గడువు 50 ఏళ్లు, పొడిగించుకోవచ్చు. అమ్మవచ్చు, అద్దెకివ్వవచ్చు, తన తర్వాత ఎవరికి చెందాలో అందులోనే రాయవచ్చు. రెండు చోట్లా కాగితం మీద పేరు వేరొకరిదే అయినా, ట్రస్టు చట్టం వేసిన బాట, బినామీ చట్టానికి కన్నం. అయితే అదే మెక్సికోలో ఎహీదో అనే సామూహిక భూములను చవకగా అంటగట్టే వారుంటారు. సక్రమంగా ప్రైవేటు ఆస్తిగా మార్చి రిజిస్టరు చేయనంత వరకు ఆ భూమి జోలికి పోకపోవడమే మంచిది.

ఇక ఎక్కువ మంది తటపటాయించేది లీజుకూ సొంత ఫ్లాటుకూ మధ్యనే. థాయ్‌లాండ్‌నే ఉదాహరణగా తీసుకుంటే, అక్కడ విదేశీయుడు భూమితో కూడిన ఇల్లు కావాలంటే లీజు తీసుకోవాలి. ఫ్లాటు అయితే తన పేరునే కొనవచ్చు. లీజు గరిష్ఠంగా 30 ఏళ్లు, మూడేళ్లకు మించితే భూమి కార్యాలయంలో రిజిస్టరు చేయకుండా ఆ పై కాలానికి చెల్లదు. ఏజెంట్లు చెప్పే 30, ఆపై 30, ఆపై మరో 30 అన్న లెక్కలో చట్టం గట్టిగా నిలబడేది మొదటి 30 ఏళ్లకే. మిగిలినవి ఈనాటి యజమాని ఇచ్చే మాట మాత్రమే. రేపు భూమి చేతులు మారితే కొత్త యజమాని దానికి కట్టుబడనక్కరలేదు. 90 ఏళ్ల ధర చెల్లించి 30 ఏళ్లు కొనుక్కోవడం తెలివైన బేరం కాదు.

భార్య పేరున ఉన్న భూమి మీద భర్తకు జీవితాంతం అనుభవించే హక్కు రాయించుకునే పద్ధతి కూడా అక్కడ ఉంది. చూడటానికి ఇది చాలా పదిలంగా కనిపిస్తుంది. కాని థాయ్ పౌర స్మృతిలోని 1469వ సెక్షన్ ప్రకారం, దంపతులు కాపురంలో ఉండగా తమలో తాము చేసుకున్న ఆస్తి ఒప్పందాన్ని, వివాహ బంధం ఉన్నన్నాళ్లూ లేదా అది తెగిన ఏడాదిలోపు, ఇద్దరిలో ఎవరైనా రద్దు చేయవచ్చు. సరిగ్గా రక్షణ అవసరమయ్యే సమయంలోనే ఆ కాగితం చేజారిపోయే ప్రమాదం ఉందన్నమాట. కాబట్టి ఇలాంటి హక్కు రాయించుకోదలచినవారు పెళ్లికి ముందే, అదీ తాము నియమించుకున్న లాయరు సలహాతో ఆలోచించాలి.

వీటితో పోలిస్తే ఫ్లాటు చిన్నదే గాని దిట్టమైనది. 1979 నాటి థాయ్ చట్టం కింద నమోదైన ఒక భవనంలో అమ్మకానికి ఉన్న మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయుల పేరున ఉండవచ్చు. ఆ వాటా అప్పటికే నిండిపోయిందా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే భవన నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. డబ్బు విదేశీ మారకంలో వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం లేనిదే రిజిస్ట్రేషన్ జరగదు కాబట్టి, మొదట స్నేహితురాలి ఖాతాకు పంపి, అక్కడి నుంచి అమ్మకందారుకు ఇప్పించడం వంటి సర్దుబాట్లు చేసుకున్నవారు రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గరే చిక్కుకుంటారు. ఫిలిప్పీన్స్‌లో కూడా ఇదే పోలిక: భూమి కొనరాదు గాని, 1966 నాటి చట్టం ప్రకారం 40 శాతం విదేశీ పరిమితికి లోబడి కాండోమినియం యూనిట్, అంటే ఫ్లాటు, కొనవచ్చు. ఆంటిపోలోలో ఖర్చయిన సొమ్ము అలాంటి యూనిట్‌లో పెట్టి ఉంటే కథ వేరుగా ముగిసేది. పెరడు, చెట్లు, విశాలమైన వసారా కావాలన్న కోరిక సహజమే, కాని పరాయి పేరున ఉన్న పెరడు కంటే సొంత పేరున ఉన్న రెండు గదులే మేలని నా నిశ్చితాభిప్రాయం.

విదేశీయులకు తలుపులు తెరిచిన దేశాల్లో ఈ పేరు సమస్య ఉండదు, కాని వేరే సమస్యలుంటాయి. స్పెయిన్‌లో ఎవరైనా కొనవచ్చు. అయితే అడ్వాన్సు ఒప్పందం కుదిరాక కొనేవారు వెనక్కి తగ్గితే ఇచ్చిన సొమ్ము పోతుంది, అమ్మేవారు వెనక్కి తగ్గితే రెట్టింపు ఇవ్వాలి. అపార్టుమెంటు సంఘానికి పాత యజమాని ఎగ్గొట్టిన బకాయిల్లో ఆ ఏడాదివీ, అంతకుముందు మూడేళ్లవీ ఇంటితోపాటే కొత్త యజమాని నెత్తిన పడతాయి. తాకట్టులు, కోర్టు జప్తులు ఉన్నాయేమో చూపే నోటా సింప్లే అనే పత్రాన్ని కొద్దిపాటి రుసుముతో ఎవరైనా తీసుకోవచ్చు, కాబట్టి ఏజెంటు చూపించే నకలుతో సరిపెట్టుకోనక్కరలేదు. దుబాయ్‌లో 2006 నాటి చట్టం ప్రకారం నిర్దేశిత ప్రాంతాల్లో విదేశీయులకు పూర్తి యాజమాన్యం ఉంది. ఇంకా కట్టని ఇల్లు కొంటుంటే డబ్బు ఆ ప్రాజెక్టు పేరిట ఉన్న ఎస్క్రో ఖాతాకే, అంటే ఆ నిర్మాణానికి తప్ప వాడకుండా విడిగా ఉంచే ఖాతాకే, వెళ్లాలని 2007 నాటి చట్టం నిర్దేశిస్తుంది. బిల్డరు సొంత ఖాతాకో, బ్రోకరు ఖాతాకో పంపమంటే అక్కడితో ఆపేయాలి.

ఇల్లు కొంటే వీసా వస్తుందన్న మాటను ధరలో కలిపి లెక్కవేయకూడదు. పోర్చుగల్ 2023 అక్టోబరులో ఇళ్ల కొనుగోలును గోల్డెన్ వీసా (పెట్టుబడి పెట్టినవారికి ఇచ్చే నివాస అనుమతి) మార్గాల నుంచి తొలగించింది, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో ఆ పథకాన్నే ఎత్తివేసింది. సింగపూర్‌లో 2023 ఏప్రిల్ నుంచి విదేశీయులు ఇంటి మీద 60 శాతం అదనపు స్టాంపు సుంకం కట్టాలి. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ నుంచి రెండేళ్లపాటు, కొన్ని మినహాయింపులతో, పాత ఇళ్లను విదేశీయులకు అమ్మకుండా నిలిపివేసింది.

అద్దె మిగిలింది. నెలనెలా పోయే సొమ్ము వృథా అన్న వాదన సొంత ఊళ్లో కొంత చెల్లుతుందేమో గాని, పరాయి దేశంలో మొదటి ఏడాది అద్దె అనేది తప్పుకునే స్వేచ్ఛకు చెల్లించే ధర. వానాకాలంలో ఆ వీధి ఎలా ఉంటుందో, అక్కడి ఆసుపత్రి ఎంత దూరమో, అత్తింటివారితో పొసగుతుందో లేదో తెలిసేది ఆ ఏడాదిలోనే. బంధం తెగితే పోయేది డిపాజిట్టు, ఒకటి రెండు నెలల అద్దె. కొన్న ఇంట్లో అదే జరిగితే ఏళ్ల తరబడి కోర్టు. నిజానికి అద్దె ఇంకో పనికి కూడా అక్కరకొస్తుంది: ముందు ఏడాది అద్దెకుందాం అన్న మాటకు ఎదుటివారు ఎలా స్పందిస్తారో చూస్తే, వారికి కావలసింది తోడా, స్థలమా అన్నది చాలావరకు తేలిపోతుంది. స్థలం చేజారుతుందని తొందరపెట్టడం, మన లాయరు వద్దని తమకు తెలిసినవారినే పెట్టుకోమనడం, ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పొద్దనడం, ఈ మూడూ కలిసి వచ్చాయంటే ఆ బేరం అక్కడితో వదిలేయాలి.

ఇంకా కలవని మనిషి విషయంలో పోలికే అక్కరలేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 2022లో ప్రేమ పేరిట మోసపోయామని దాదాపు 70,000 మంది ఫిర్యాదు చేశారు, చెప్పిన నష్టం 130 కోట్ల డాలర్లు. వీడియో కాల్‌లో చూశాను కదా అన్న ధీమా కూడా ఇప్పుడు చెల్లదు. 2024 అక్టోబరులో హాంకాంగ్ పోలీసులు పట్టుకున్న ముఠా, డీప్‌ఫేక్ ముఖాలతో, అంటే కంప్యూటరు సృష్టించిన నకిలీ ముఖాలతో, అందమైన యువతులుగా మాట్లాడి దాదాపు 4.6 కోట్ల అమెరికన్ డాలర్లు కొల్లగొట్టింది. నేరుగా కలవడం మేలే, కాని దానికీ జాగ్రత్త ఉంది: 2023 చివరి రెండు నెలల్లో కొలంబియాలోని మెదెయీన్‌లో ఎనిమిది మంది అమెరికన్లు అనుమానాస్పదంగా మరణించారనీ, వాటిలో కొన్నింటికి డేటింగ్ యాప్‌లతో సంబంధం ఉండవచ్చనీ అక్కడి అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది. తొలి పరిచయాలు జనం మసలే చోట, పగటిపూట, సొంత వాహనంలో వెళ్లి వచ్చేలా పెట్టుకోవాలి. గ్లాసు వదిలి పక్కకు వెళ్లకూడదు. ఎక్కడికి, ఎవరితో అన్నది ఒకరికైనా తెలిసి ఉండాలి.

డబ్బు కదిలే రోజున మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. లాయరు పంపినట్టే కనిపించే ఈమెయిల్‌లో ఖాతా నంబరు మారిందని వస్తే, ఆ ఈమెయిల్‌లో ఉన్న నంబరుకు కాక, ముందే మన దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే పంపాలి. లాయరు ఏజెంటుకు గానీ బిల్డరుకు గానీ భాగస్వామి బంధువులకు గానీ సంబంధం లేనివాడై ఉండాలి. అమ్మే అధికారం కూడా కలిసిన పవర్ ఆఫ్ అటార్నీని ఎంత ఆప్తులకైనా ఇవ్వకుండా, ఫలానా సంతకం వరకే అని పరిమితం చేసి ఇవ్వాలి.

పెళ్లయి ఏళ్లు గడిచిన జంట అయినా, తమలో ఒకరు పోతే ఆ ఇల్లు ఏమవుతుందన్నది బతికుండగానే రాసుకోవాలి. థాయ్‌లాండ్‌లో భార్య భూమి వారసత్వంగా విదేశీ భర్తకు వచ్చినా, మామూలుగా ఏడాది లోపు దాన్ని అమ్మవలసి ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో మాత్రం, ఆంటిపోలో భర్తకు అడ్డుపడిన అదే రాజ్యాంగ నిబంధన, వారసత్వంగా వచ్చే భూమికి మినహాయింపు ఇస్తుంది. కొని దక్కించుకోలేని స్థలం అక్కడ భార్య మరణానంతరం భర్తకు చట్టబద్ధంగానే చెందవచ్చు, కాని అప్పటివరకు కాపురం నిలిచి ఉండాలి.