టాన్సిల్స్ తీయించుకున్నాక: టైమ్‌కి మాత్రా, నొప్పి వచ్చాక మాత్రా? ఏది మేలు?

పెద్దవాళ్లకి టాన్సిల్స్ ఆపరేషన్ అయ్యాక గొంతు మానడానికి దాదాపు 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి రెండు రోజులు పర్వాలేదనిపించి, తర్వాత నొప్పి పెరిగేసరికి ఏదో తేడా కొట్టిందని చాలామంది టెన్షన్ పడతారు, కానీ అది మామూలే. కోలుకునే ఈ రోజుల్లో ఏది మేలు అని సందేహం వస్తే నేను చూసేది ఒక్కటే: దేనివల్ల నీళ్లు ఎక్కువ తాగగలం?

ముందు మాత్రల సంగతి. నొప్పి వచ్చాక వేసుకుందాం, అనవసరంగా మందులెందుకు అనుకునేవాళ్లు ఎక్కువ. మిగతా నొప్పులకి అది సరిపోతుందేమో గానీ ఇక్కడ నొప్పి ముదిరాక ఆ మాత్ర మింగడమే గండం, మింగినా పనిచేయడానికి అరగంటకి పైనే పడుతుంది, ఈలోపు నీళ్లు మానేస్తారు, గొంతు ఎండుతుంది, ఎండేకొద్దీ ఇంకా మండుతుంది. అందుకే నా ఓటు గడియారం చూసి వేసుకోవడానికే. మొదటి వారం రాత్రిపూట కూడా అలారం పెట్టుకోండి, నిద్ర చెడినా సరే. అయితే పారాసిటమాల్ పెద్దవాళ్లకి ఎంతైనా రోజుకి 4 గ్రాములు దాటకూడదు (చాలా జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, కలిపి లెక్కేయాలి). బరువు తక్కువున్నా, లివర్ సమస్య ఉన్నా అంతకన్నా తక్కువే. ఐబుప్రొఫెన్ డాక్టర్ చెబితేనే. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా వద్దు, రక్తస్రావం ముప్పు పెంచుతుంది. గుండె కోసం రోజూ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు, మానొద్దు.

చల్లనివా, గోరువెచ్చనివా? ఏది హాయిగా దిగితే అది. ఐస్ ముక్కలు చప్పరిస్తే గొంతు కాసేపు మొద్దుబారుతుంది, కొందరికి చల్లదనమే గుచ్చుకుంటుంది.

మెత్తటి తిండా, మామూలు తిండా అన్నదగ్గర డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. గట్టివి గీరుకుంటాయని రెండు వారాలు మెత్తటివే తినమనేవాళ్లు ఉన్నారు, నమిలితే దవడ బిగుసుకుపోదు కాబట్టి మామూలుగానే తినమనేవాళ్లూ ఉన్నారు. మీకు ఆపరేషన్ చేసినవాళ్లు ఏం చెబితే అదే పాటించండి. పులుపు, కారం మాత్రం మంట పెడతాయి.

గట్టిగా పుక్కిలించడం కన్నా గుక్కగుక్కగా తాగడమే నయం. గొంతులో తెల్లగా కట్టేది చీము కాదు, పుండు మానేటప్పుడు వచ్చే పొర, వాసన వచ్చినా గోకొద్దు. చెవి పోటుకి చుక్కల మందు వేసుకోవడమూ దండగే, గొంతుకీ చెవికీ ఒకే నరం కొమ్మలు ఉండటంవల్ల వచ్చే నొప్పి అది.

ఇక ఆఫీసు సెలవు సంగతి. ఒక వారమా, రెండా? వీలుంటే రెండే. ఆ పొర ఊడేది సుమారు 5 నుంచి 10 రోజుల మధ్య, రక్తం కారే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఒక వారానికే ఆఫీసుకి వెళ్తే సరిగ్గా ఆ రోజుల్లోనే బయట తిరుగుతుంటారు. బరువులెత్తడం, ఆసుపత్రికి దూరంగా ప్రయాణాలు కూడా ఆ రెండు వారాలు వద్దు. ఎర్రటి రక్తం కనిపిస్తే చూద్దాంలే అనుకోకుండా, కూర్చుని ముందుకి వంగి ఉమ్మేస్తూ వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి, దారిలో రక్తం ఆగిపోయినా సరే వెనక్కి రాకుండా చూపించుకోవాలి.