క్లీనింగ్‌కి వెళ్తే పన్ను లోపలి కథంతా చెప్పారు

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక డెంటల్ క్లినిక్‌కి పోయినవారం వెళ్ళాను. బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని మా ఆవిడ పోరు పెట్టి పంపింది, లేకపోతే ఇంకో ఏడాది పేస్టులు మారుస్తూ కూర్చునేవాణ్ణి.

నచ్చిందేంటంటే, డాక్టరమ్మ ప్లాస్టిక్ పన్ను బొమ్మ చేతికిచ్చి ఓపిగ్గా చెప్పారు. పైనుండే ఎనామిల్ ఒంట్లో అన్నిటికన్నా గట్టిది, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, కానీ అందులో కణాలుండవు కాబట్టి విరిగితే మళ్ళీ పెరగదు. దాని కింద డెంటిన్. చల్లనీళ్ళకి జివ్వుమనేది అందులోని సన్నటి గొట్టాల వల్లేనట. మధ్యలో నరాలు, రక్తనాళాలున్న పల్ప్.

పన్ను ఎముకలో మేకులా దిగి ఉంటుందనుకునేవాణ్ణి నేను. కాదు! వేరు మీది సిమెంటం పొరని దవడ ఎముకకి సన్నటి నారలు పట్టి ఉంచుతాయి, నమిలేటప్పుడు పడే ఒత్తిడిని అవే తట్టుకుంటాయి. చిగురుకీ పన్నుకీ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్లలోపే ఉండాలి, సన్నటి పుల్లలాంటి పరికరంతో కొలిస్తే నాకు రెండుచోట్ల 5 వచ్చింది. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

గార మొత్తం తీశారు, నొప్పి పెద్దగా లేదు. ఏడున్నరకి రమ్మని తొమ్మిదికి పిలిచారు, బండి పెట్టడానికి చోటే లేదు, ఎక్స్‌రేకి విడిగా డబ్బులని ముందే చెప్పలేదు. నాలుగు స్టార్లు. మూడు నెలల తర్వాత మళ్ళీ కొలుస్తారట, అప్పుడు ఐదోది చూద్దాం.