నల్లమలలో ఒక్క పగటి నడకకు 20 లీటర్ల బ్యాగు

మహబూబ్‌నగర్‌లోని ఒక క్రీడా సామగ్రి దుకాణంలో వెయ్యి రూపాయల లోపు ధరకు కొన్న 20 లీటర్ల వీపు బ్యాగును చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో, నల్లమల లోయలోని శివక్షేత్రమైన సలేశ్వరం నడకకు వాడి ఈ సమీక్ష రాస్తున్నాను. ఉదయం అడవిలోకి దిగి సాయంత్రానికి బయటపడే మనిషికి ఈ కొలత చాలు, ఇంతకంటే పెద్దది వద్దు. అయితే దీని పట్టీలలో, పక్క అరలలో ఉన్న లోపాలను ముందే తెలుసుకుని కొనడం మంచిది.

బ్యాగు బాగోగులు దారిని బట్టి తేలుతాయి కనుక దారి గురించి కొంత చెప్పాలి. హైదరాబాద్–శ్రీశైలం రహదారిలో మన్ననూరు దాటి, ఫర్హాబాద్ దగ్గర అడవిలోకి మళ్లి వెళ్లాక, ఒక చోట వాహనాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి లోయలోకి దిగి, కొండ అంచున రాళ్ల మీదుగా నడిచి, జలపాతం పడే గుండం దగ్గరికి, గుహలోని లింగమయ్య దగ్గరికి చేరాలి. కొన్ని చోట్ల ఒకవైపు బండ, మరొకవైపు లోయ ఉండి, ఎదురుగా జనం వస్తుంటే రెండు చేతులతో రాయిని పట్టుకుని ఒదిగి నిలబడవలసి వస్తుంది. అందువల్ల చేతిసంచి, భుజానికి ఒకవైపే వేలాడే సంచి ఈ దారికి పనికిరావు. వెడల్పుగా ఉబ్బే పెద్ద బ్యాగు కూడా బండకు తగిలి మనిషిని బయటికి నెడుతుంది. నేను వాడిన బ్యాగు వీపు వెడల్పును మించకుండా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఈ దారిలో నాకు అన్నింటికంటే ఎక్కువగా ఉపయోగపడిన గుణం ఇదే.

ఏం మోయాలన్న ప్రశ్న ఇక్కడ ప్రధానంగా నీళ్ల ప్రశ్న. చైత్ర మాసపు ఎండలో నాగర్‌కర్నూల్ జిల్లా ఎంత కాగుతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పైగా ఈ నడకలో పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు ఉంటాయి. అంటే చల్లటి పూట తేలికగా దిగిపోయినవారే, ఎండ ముదిరాక, అలసిన కాళ్లతో పైకి ఎక్కవలసి ఉంటుంది. కాబట్టి తెచ్చుకున్న నీళ్లలో సగానికి మించి ఎక్కేటప్పటికి మిగిలేలా చూసుకోవాలి. నా అంచనాలో ఒక్కొక్కరికి నాలుగు లీటర్లు కావాలి. లీటరు నీళ్లు కిలో బరువు కనుక, సీసాల బరువును పక్కన పెట్టినా, నీళ్లే నాలుగు కిలోలవుతాయి. మిగతా సామానంతా కలిపి రెండు కిలోలు దాటకుండా చూసుకుంటేనే ఎక్కుడులో ఊపిరి సరిగా ఆడుతుంది. జాతరలో దాతలు దారి పొడవునా నీళ్లు పోస్తారని నమ్మి ఒక్క సీసాతో దిగేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. రద్దీ పెరిగాక ఆ నీళ్లు అందరికీ అందుతాయని చెప్పలేం, వేలమంది స్నానం చేసే గుండం నీళ్ల మీద ఆధారపడటం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఇక్కడే ఈ బ్యాగు మొదటి లోపం బయటపడుతుంది. రెండు పక్కలా ఉన్న జాలీ అరలలో లీటరు స్టీలు సీసా పడుతుంది గానీ, అర లోతు తక్కువ కావడం వల్ల, రాళ్లు ఎక్కడానికి ముందుకు వంగినప్పుడు సీసా జారి బయటికి వస్తుంది. సీసా మెడకు తాడు కట్టి పట్టీకి ముడివేస్తే సరిపోతుంది. కానీ ఆ పని తయారుచేసినవారే చేసి ఉండవలసింది. రెండో లోపం, ఛాతీ దగ్గర రెండు పట్టీలను కలిపే బిగింపు లేకపోవడం. నిండు సీసాలతో గుట్ట దిగుతున్నప్పుడు బ్యాగు అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపు అంచు దారిలో ప్రమాదం. భుజం పట్టీల మెత్త మాత్రం బాగుంది, రోజంతా మోసినా భుజాలు కోసుకుపోలేదు. జిప్పు గట్టిదే. గుడ్డ దుమ్మును, చెమటను తట్టుకుంది. వీపుకు ఆనే వైపు గాలి ఆడే ఏర్పాటు లేనందున చొక్కా పూర్తిగా తడిసిపోతుంది, అయితే ఈ ధరలో అంతకంటే ఆశించలేం.

నీళ్ల తరువాత మిగిలిన చోటులో జొన్నరొట్టెల సద్ది, పల్లీపట్టీలు, ఓఆర్ఎస్ పొట్లాలు, చిన్న టార్చి, తలకు చుట్టుకునే తువ్వాల, కాలు మడత పడితే కట్టుకోవడానికి క్రేప్ బ్యాండేజీ హాయిగా పడతాయి. ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా, దానిని గోపురంగా కాక అంచుకు సమంగానే నింపాలి. పాము కాటుకు కత్తి, తాడు మోసుకుపోయేవారు ఇంకా ఉన్నారు. కాటు దగ్గర కోయడం, గట్టిగా తాడు బిగించడం రెండూ హాని చేస్తాయి. కాటు పడిన అవయవం కదలకుండా ఉంచి మనిషిని వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చడమే చేయవలసిన పని. దానికి కావలసింది బ్యాగులోని వస్తువు కాదు, వెంట ఉన్న మనుషులు. సెల్‌ఫోను సిగ్నలు లోయలో అందదు కనుక ఒంటరిగా వెళ్లకూడదు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు ఇంట్లోనే వదిలేయండి. ఇది పులుల అభయారణ్యం, అక్కడ పడేసిన కవరును జింక తింటుంది.

ఈ అడవిలో ఒక్క పగటికి ఏం మోయాలో మనకంటే బాగా తెలిసినవారు ఇక్కడి గిరిజనులైన చెంచులు. విల్లంబులు, గొడ్డలి, గడ్డలు తవ్వే కోల, తేనెకు వెళ్తే తాడు, బుట్ట, అంతటితో వాళ్ల సామాను ముగిసేది. ఏ చెలమలో ఏ నెల దాకా నీళ్లుంటాయో తెలిసిన మనిషికి మన సీసాలతో పని లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు అడవి జంతువుల వేట నేరం, ఆ దారుల్లో భక్తులు, నడక ఇష్టపడేవారు కూడా సామాను సర్దుకుని వస్తున్నారు. ఆ చెలమలు తెలియని మనం నీళ్లు మోయక తప్పదు, మిగతాదంతా తగ్గించుకోవడం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

30, 40 లీటర్ల బ్యాగులు కూడా అదే దుకాణంలో ఉన్నాయి. ఖాళీ కనిపిస్తే ఏదో ఒకటి సర్దుతాం కనుక ఒక్క పగటికి వాటిని కొనవద్దని నా సలహా. పసిపిల్లలతో వెళ్లేవారికి, ఇద్దరి నీళ్లూ ఒక్కరే మోయవలసినవారికి మాత్రం 20 లీటర్లు చాలదు, ఛాతీ పట్టీ, నడుము పట్టీ రెండూ ఉన్న 30 లీటర్లది చూసుకోవాలి. మిగతావారు కొనేముందు ఇంటి నుంచి రెండు నిండు సీసాలు తీసుకెళ్లి, దుకాణంలోనే పక్క అరలలో పెట్టి, నడుము దాకా వంగి చూడండి.