పాత 32 బిట్ కంప్యూటర్ డబ్బాతో నెట్టుకురావాలా, 64 బిట్‌కి మారాలా?

ఒంగోలులో డీటీపీ షాపు నడిపే మా బావ ప్రతి పెళ్లిళ్ల సీజన్‌కీ ఇదే అడుగుతాడు: "పాతది నడస్తానే ఉంది గదబ్బాయ్, మార్చేదెందుకు?" 32, 64 అంటే ప్రాసెసర్ ఒక్క దఫాలో పట్టే డేటా కొలత.

ఖర్చు: పాతది పైసా అడగదు, చెడిపోయేదాకా. చెడితే మదర్‌బోర్డు సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలి. కొత్తదానికి ఒకేసారి పెద్ద మొత్తం.

మెమరీ: మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది, చేతికొచ్చేది మూడున్నర లోపే. ఫ్లెక్సీ ఫైలు తెరిచి టీ తాగి రావచ్చు. 64 బిట్‌కి ఆ గోడ లేదు.

శ్రమ: అసలు తలనొప్పి ఇక్కడ. 32 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో చాలావరకు నడుస్తాయి, 32 బిట్ డ్రైవర్లు (ప్రింటర్ లాంటివాటిని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాములు) మాత్రం ఎక్కవు. ప్రింటర్‌కి, స్కానర్‌కి, తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్‌కి 64 బిట్ వెర్షన్ ఉందో లేదో ముందే చూడాలి. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు కొత్తదాంట్లో వేసుకోవడం మర్చిపోతే శుభలేఖలన్నీ పిచ్చిగీతలే. విండోస్‌కి ముందటి డాస్ కాలపు బిల్లింగ్ అయితే, పాత డాస్ ప్రోగ్రాములు నడిపించే డాస్‌బాక్స్ కావాలి.

రిస్కు: విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో 32 బిట్ లేనే లేదు. అలాగని "64 బిట్ సార్" అన్న మాటకి పడిపోవద్దు, ప్రాసెసర్లు చేసే ఏఎమ్‌డీ దాన్ని 2003లోనే తెచ్చింది, అంటే బాగా పాతది కూడా 64 బిట్టే కావచ్చు. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం, ఆపైది ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కూడా.

నెట్ లేకుండా డాట్ మ్యాట్రిక్స్‌లో బిల్లులు కొట్టుకునేవాళ్లకి పాతది చాలు. ఫొటోషాప్, ఆన్‌లైన్ చెల్లింపులు ఉంటే మారాల్సిందే. బావకి రెండూ ఉంచుకోమన్నా, పాతదానికి నెట్ కేబుల్ పీకేసి.